అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు.. సేఫ్టీ పెరుగుతుందా? కొత్త రిస్క్ వస్తుందా?

తిరుమల కొండ దిగే మొదటి ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు. ఈ దారిలో పాత అంబాసిడర్‌ను దించడమంటే డ్రైవర్‌కు అప్పట్లో ఓ పరీక్షే. సెకండ్ గేర్‌లో వేసుకుని, ఇంజిన్ పట్టుతోనే వేగాన్ని అదుపు చేస్తూ, బ్రేకును వీలైనంత తక్కువగా వాడాలి. అలా కాకుండా కొండ పొడవునా పెడల్ మీద కాలు పెట్టుకుని దిగితే, సగం దూరంలోనే చక్రాల దగ్గర కాలిన వాసన మొదలవుతుంది. ఆ తర్వాత పెడల్ తొక్కినా బండి ఆగనంటుంది. పాతతరం డ్రైవర్లలో చాలామందికి ఇది అనుభవమే.

ఇప్పుడు అదే అంబాసిడర్ మళ్లీ రోడ్డెక్కుతోంది. ఈసారి టాక్సీగానో, ఆఫీసర్ల కారుగానో కాదు. తాత కారును షెడ్డులోంచి బయటికి తీసి, రంగు వేయించి, ఆదివారం పూట తిప్పుకునే క్లాసిక్ కారుగా. అలా తీసినవాళ్లలో చాలామంది పెయింట్, సీట్లు అయిపోగానే మెకానిక్‌ను అడిగేది ఒక్కటే.. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పడతాయా అని.

పడతాయి. కానీ ఎలా వేశారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. సరిగ్గా వేస్తే బండి భద్రత నిజంగానే పెరుగుతుంది. సగం సగం వేస్తే మాత్రం, బాగున్న పాత డ్రమ్ బ్రేకుల కంటే ప్రమాదకరంగా తయారవుతుంది. ఈ తేడాను పట్టుకునే ఏర్పాటు మన రూల్స్‌లో పెద్దగా లేకపోవడం మరో సమస్య.

డ్రమ్‌తో సమస్య ఏంటి?

బ్రేకు అంటే వేగాన్ని వేడిగా మార్చే యంత్రం. అంతకు మించి ఏం లేదు. 1,100 కిలోల బరువున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, దాన్ని పూర్తిగా ఆపినప్పుడు పుట్టే వేడి ఒక లీటరు నీళ్లను సుమారు 65 డిగ్రీలు వేడెక్కించడానికి సరిపోతుంది. అంటే ఒక్కసారి ఆపితే టీ నీళ్లు దాదాపు కాగినట్టే. అదే కారు 40 వేగంతో వెళ్తుంటే ఈ వేడి సగం కాదు, పావు వంతే. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది.

ఇప్పుడు ఘాట్ సంగతి చూద్దాం. కొండ మీద నుంచి కిందికి ఆరువందల మీటర్ల ఎత్తు దిగితే, ఆ దిగుడులో వచ్చే శక్తి 80 వేగం నుంచి కారును ఇరవైసార్లకు పైగా ఆపడంతో సమానం. అందులో కొంత గాలికి, కొంత ఇంజిన్‌కు పోతుంది. గేరు న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ వాటా కూడా బ్రేకుల మీదే పడుతుంది.

డ్రమ్ బ్రేకులో ఈ వేడి బయటికి పోయే దారి తక్కువ. మూసి ఉన్న గిన్నె లాంటి డ్రమ్, దాని లోపల రెండు షూలు. పెడల్ తొక్కితే షూలు బయటికి తెరుచుకుని డ్రమ్ లోపలి గోడను పట్టుకుంటాయి. వేడెక్కేకొద్దీ ఇనుము వ్యాకోచిస్తుంది. డ్రమ్ వెడల్పై షూ నుంచి దూరంగా జరుగుతుంది. అందుకే పెడల్ ఇంకా కిందికి దిగుతుంది. పైగా లైనర్ బాగా వేడెక్కితే పట్టు కూడా తగ్గిపోతుంది. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు. ఇక వర్షాకాలంలో డ్రమ్ లోపలికి నీళ్లు చేరితే మొదటి రెండు మూడుసార్లు బ్రేకు పట్టనే పట్టదు. ఒక చక్రం తడిసి, ఇంకోటి ఆరి ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది.

డిస్క్ అలా కాదు. ఇనుప పళ్లెం గాల్లోనే తిరుగుతుంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. వేడికి పళ్లెం మందం పెరిగినా అది ప్యాడ్ల వైపే జరుగుతుంది, దూరంగా పోదు. నీళ్లు పడినా తిరిగే వేగానికి విసిరికొట్టేస్తుంది. 1953లో ఫ్రాన్స్‌లోని లెమాన్స్ 24 గంటల రేసును జాగ్వార్ సీ-టైప్ కారు గెలవడంలో డన్‌లప్ డిస్క్ బ్రేకుల పాత్ర పెద్దది. రెండేళ్లకే, 1955లో, సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత కొద్దికాలానికే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 డిజైన్‌ను తెచ్చుకున్నారు కాబట్టి బ్రేకులు కూడా దానివే వచ్చాయి. మన దగ్గర తిరిగిన ఫియట్ 1100, ఆ తర్వాత ప్రీమియర్ పద్మిని కూడా డ్రమ్ బ్రేకుల బండ్లే.

అప్పటి రోడ్లకు అవి సరిపోయాయి. అందరి బండ్లూ అంతే దూరంలో ఆగేవి మరి.

ఇవాళ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితి 120 కిలోమీటర్లు. మన దేశంలో కొత్త కార్లన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అలాంటి కార్ల మధ్యలో అరవై ఏళ్ల నాటి డిజైన్‌తో వెళ్లే బండి.. ముందున్న కారు ఉన్నట్టుండి ఆగితే పరిస్థితి ఏంటి? డిస్కులు కావాలని ఓనర్లు అడగడంలో తప్పేమీ లేదు.

అపోహ ఇక్కడే..

డిస్కులు వేస్తే కారు సగం దూరంలోనే ఆగిపోతుందని చాలామంది నమ్మకం. ఇది పూర్తిగా నిజం కాదు. బండిని చివరికి ఆపేది టైరుకు, రోడ్డుకు మధ్య ఉండే పట్టు. సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ బ్రేకు కూడా ఒక్కసారి గట్టిగా తొక్కితే చక్రాన్ని లాక్ చేయగలదు. చక్రం లాక్ అయ్యే దాకా తెచ్చే శక్తి బ్రేకుకు ఉంటే, అంతకు మించి డిస్కు చేసేది ఏమీ ఉండదు. అరిగిపోయిన పాత టైర్ల మీద కొత్త డిస్కులు వేయించడం డబ్బు దండగే.

డిస్కులతో వచ్చే లాభం వేరు. రెండోసారి, ఐదోసారి, పదోసారి తొక్కినా మొదటిసారిలాగే పడుతుంది. రెండు వైపులా సమానంగా పడుతుంది. ఎంత తొక్కితే ఎంత ఆగుతుందో కాలికి తెలుస్తుంది. ఘాట్ రోడ్లకు, వర్షానికి, హైవేలకు ఇదే కావాల్సింది. ఊళ్లో 40 దాటకుండా ఆదివారం మాత్రమే తిరిగే బండికి కొత్త లైనర్లు, కొత్త వీల్ సిలిండర్లు, లేత్ మీద సరిచేసిన డ్రమ్ములు, కొత్త హోస్ పైపులు చాలు. నిజానికి బ్రేకు పట్టడం లేదని డిస్కుల కోసం వచ్చే చాలా బండ్లలో అసలు జబ్బు ఇదే. డ్రమ్ములు ఏళ్ల తరబడి అడ్జస్ట్ చేసి ఉండవు, వీల్ సిలిండర్లు లీకై లైనర్లు నానిపోయి ఉంటాయి.

ఇంకో జాగ్రత్త. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ విప్పగానే ఎయిర్ గన్‌తో దుమ్ము కొట్టడం మన షెడ్లలో మామూలే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కలిగే నష్టం ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తడి గుడ్డతో తుడవాలి, ముక్కుకు మాస్కు ఉండాలి. ఆ పని చేసే కుర్రాడికి ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

సగం మార్పిడితో ముప్పు

షెడ్డులో సాధారణంగా జరిగేది ఇది. వేరే కారు నుంచి తీసిన డిస్కులు, కాలిపర్లు తెస్తారు. అంబాసిడర్ హబ్‌కు సరిపోయేలా లేత్ మీద మధ్య రంధ్రం పెద్దది చేస్తారు. కాలిపర్‌ను పట్టుకోవడానికి ఇనుప ప్లేటుతో ఒక బ్రాకెట్ తయారుచేసి బిగిస్తారు. పైపు కలిపి, ఎయిర్ తీసి, ఆ వీధిలోనే ఒక రౌండ్ కొట్టి బండి అప్పగిస్తారు. బయటినుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. చక్రం సందుల్లోంచి మెరిసే డిస్కు కనిపిస్తుంది. ఫొటోలకు బాగుంటుంది.

లోపల మాత్రం పాత మాస్టర్ సిలిండర్ అలాగే ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మాస్టర్ సిలిండర్ ఒక సిరంజి లాంటిది. డ్రమ్‌లోని వీల్ సిలిండర్ చిన్నది, దానికి కొంచెం ఆయిల్ చాలు. డిస్కు కాలిపర్‌లో పిస్టన్ పెద్దది, ఎక్కువ ఆయిల్ కావాలి. చిన్న సిరంజితో పెద్ద పిస్టన్‌ను నెట్టాలంటే పెడల్ ఫ్లోర్ దాకా దిగిపోతుంది. సరే అని పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే ఇంకో సమస్య. ఉదాహరణకు 19 మిల్లీమీటర్ల బోర్ నుంచి 22కు మారితే, ప్రతి తొక్కుకు వెళ్లే ఆయిల్ మూడో వంతు పెరుగుతుంది. అదే కాలి బలానికి వచ్చే ఒత్తిడి మాత్రం పావు వంతు తగ్గిపోతుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, బండి ఆగదు.

దీనికి తోడు డ్రమ్‌కు ఉన్న ఒక సహజ గుణం డిస్కుకు లేదు. డ్రమ్ తిరుగుతూ ముందు షూను తనవైపు ఇంకాస్త లాక్కుంటుంది. అంటే డ్రైవర్ కాలికి చక్రమే సాయం చేస్తుంది. డిస్కులో ఆ సాయం ఉండదు కాబట్టి బూస్టర్ కావాలి. పెట్రోల్ ఇంజిన్ అయితే వాక్యూమ్ ఇంజిన్ నుంచే దొరుకుతుంది. డీజిల్ ఇంజిన్‌లో అలా దొరకదు, విడిగా వాక్యూమ్ పంప్ పెట్టాలి. మన అంబాసిడర్లలో డీజిల్ బండ్లు తక్కువేమీ కాదు. బూస్టర్ పెట్టి పంప్ సంగతి మర్చిపోతే, పెట్టీ లాభం లేదు.

ఇక్కడ ఓ పాత అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆయిల్ ఆదా అవుతుందని దిగుడులో ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బూస్టర్ లేని డ్రమ్ బండిలో ఇంజిన్ ఆపినా పెడల్ బరువు మారదు. బూస్టర్ పెట్టాక ఇంజిన్ ఆపితే రెండు మూడు తొక్కులకు సాయం అయిపోతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా పెడల్ కదలనంత బరువు. కారు మారిందని తెలిసిన ఓనర్ ఒకరు, నడిపే డ్రైవర్ ఇంకొకరు అయితే ఈ విషయం చెప్పే నాథుడే ఉండడు.

మరో చిన్న భాగం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. డ్రమ్ సిస్టమ్‌లకు వాడే చాలా మాస్టర్ సిలిండర్లలో పైపులో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వ్ ఉంటుంది. వీల్ సిలిండర్ సీళ్లు గాలి లాగకుండా అది కాపాడుతుంది. డిస్కు లైనులో అదే వాల్వ్ ఉండిపోతే, కాలు తీసినా ప్యాడ్లు డిస్కును పూర్తిగా వదలవు. ఇరవై ముప్పై కిలోమీటర్లు వెళ్లేసరికి చక్రం కాలిపోతుంటుంది. బ్రేక్ ఆయిల్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి నలుగుతుంది కానీ ఆయిల్‌లా నెట్టదు. పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఈ హద్దు 140కి దిగిపోతుంది. డాట్ 4లో ఈ లెక్క 230, 155. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమని చెప్పేది అందుకే.

వెనక చక్రాల లెక్క వేరు. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది, వెనక తేలికవుతుంది. ముందు డిస్కు, వెనక పాత డ్రమ్ కలిపినప్పుడు ఎవరి వాటా ఎంతో ఎవరో ఒకరు లెక్క చూడాలి. ముందు బ్రేకు చాలకపోయి వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి అడ్డంగా తిరిగిపోతుంది. తడి రోడ్డు మీద దాన్ని పట్టుకోవడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టమే. ఇక వెనక కూడా డిస్కులు వేయిద్దామనుకునేవాళ్లు హ్యాండ్ బ్రేకు దేనికి తగిలిస్తారో ముందే చూసుకోవాలి. వెనక డ్రమ్ములు ఉంచుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

డిస్కు కంటే ముందు మార్చాల్సింది ఇది

నిజం చెప్పాలంటే, చాలా పాత కార్లలో అతిపెద్ద లోపం డ్రమ్ కాదు. ఒకే సర్క్యూట్. నాలుగు చక్రాలకూ ఒకటే మాస్టర్ సిలిండర్, ఒకటే ఆయిల్ దారి. ఎక్కడో ఒక హోస్ పగిలినా, ఒక్క సీలు జారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లన్నింటికీ రెండు సర్క్యూట్ల బ్రేకు తప్పనిసరి చేశారు. డిస్కులు మాత్రం అక్కడ అప్పటికి తప్పనిసరి కాదు. ఏది ముందో అక్కడే తెలుస్తుంది.

రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేసి ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఇంకో దారి చేస్తే, ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది. ఇది బయటికి కనిపించే మార్పు కాదు. ఫొటోలో రాదు. అందుకే అడిగేవాళ్లు తక్కువ. ఎలాగూ డిస్కుల కోసం మాస్టర్ సిలిండర్ మార్చాల్సిందే కాబట్టి, ఆ పనిలోనే ఇది కూడా అయిపోతుంది.

ఇంకో తెలివైన దారి ఉంది. చివరి కాలంలో కొన్ని అంబాసిడర్లు కంపెనీ నుంచే ముందు డిస్కులు, బూస్టర్‌తో వచ్చాయి. 2014లో తయారీ ఆగిపోయినా ఆ బండ్ల విడిభాగాలు వెతికితే పాత సామాన్ల మార్కెట్లలో దొరుకుతాయి. వేరే కారు డిస్కును ఇనుప ప్లేటుతో అతికించే బదులు, అదే కుటుంబంలోని తర్వాతి బండి భాగాలన్నీ సెట్టుగా వేసుకుంటే లెక్కలు కంపెనీ ఇంజినీర్లు ముందే వేసి పెట్టినట్టే. స్క్రాప్‌లో దొరికిన కాలిపర్‌ను మాత్రం సీళ్లు మార్చకుండా బిగించకూడదు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకు చెందిన కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ పడే అవకాశం కూడా ఉంది.

మరి బ్రేకులు మార్చడం ఈ లెక్కలోకి వస్తుందా? ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్లు, బరువు లాంటివి ఉంటాయి. బ్రేకు ఏ రకమో రాసే గడి లేదు. మార్పు అంటే బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణ మార్పు అని చట్టమే వివరణ ఇస్తోంది. ఛాసిస్‌ను కోయకుండా, వెల్డింగ్ చేయకుండా బోల్టులతో బిగించిన డిస్కు అందులోకి రాదని ఓనర్లు వాదించొచ్చు. ఛాసిస్ మీద వెల్డింగ్ పడితే ఆ వాదన నిలవడం కష్టం.

వింటేజ్ వాహనాలకు 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన టూ వీలర్లు, కార్లకు నంబరు ప్లేటులో 'వీఏ' అక్షరాలతో కొత్త రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు. 1970ల మొదట్లో వచ్చిన అంబాసిడర్లు ఈ గీత దాటేశాయి. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పులు సహా పెద్ద మరమ్మతులేవీ జరిగి ఉండకూడదు. బ్రేకుల పేరు అందులో లేదు. లేదు కాబట్టి పర్వాలేదని ఒక ఆఫీసులో అనొచ్చు, అసలు రూపం పోయిందని ఇంకో ఆఫీసులో అనొచ్చు. డ్రమ్ములు, హబ్బులు, పాత మాస్టర్ సిలిండర్‌ను పారేయకుండా మూటగట్టి అటక మీద పెట్టుకోవడం అందుకే మంచిది. రేపు అమ్మాలన్నా, వింటేజ్ నంబరుకు వెళ్లాలన్నా వాటికే విలువ.

50 ఏళ్లు నిండని పాత కార్లకు మాత్రం మామూలు రెన్యువలే దిక్కు. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం రూ.10,000కు పెంచింది. అంటే పాత కారును ఉంచుకోవడం ఖరీదైపోతోంది. కానీ అంత ఫీజు కట్టిన బండి బ్రేకులు నిజంగా పనిచేస్తున్నాయో లేదో తేల్చే పరీక్ష ఎక్కడ? ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లలో చక్రాలను రోలర్ల మీద తిప్పి, కుడి ఎడమల తేడాను కొలుస్తారు. ఒక పక్కకు లాగే బండిని ఇది పట్టుకుంటుంది. అయితే ఆ పరీక్ష తక్కువ వేగంలో, చల్లటి బ్రేకుల మీద, కొన్ని సెకన్లలో అయిపోతుంది. వేడెక్కాక ఏమవుతుందో, ఏ చక్రం ముందు లాక్ అవుతుందో, లేత్ మీద చేసిన బ్రాకెట్ ఎంత బరువు తట్టుకుంటుందో అందులో తేలదు.

బండి ఎలా కనిపించాలో, ఏ ఇంజిన్ ఉండాలో రూల్స్ చాలా వివరంగా చెబుతున్నాయి. ఎలా ఆగాలో చెప్పే దగ్గర మాత్రం గ్యాప్ ఉంది. ఆ గ్యాప్‌లో మొత్తం బాధ్యత షెడ్డు మేస్త్రి మీద, ఓనర్ మీద పడుతోంది. ప్రమాదం జరిగితే, ముందుగా చెప్పని మార్పును చూపించి ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్‌పై అభ్యంతరం పెట్టే అవకాశం కూడా ఉంది. మార్పు చేసే ముందే ఆర్టీఓ ఆఫీసుకు, ఇన్సూరెన్స్ కంపెనీకి లెటర్ రాసి జవాబు కాగితం మీద తీసుకుంటే ఓనర్ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

పని పూర్తయ్యాక ఇంటికి తీసుకెళ్లే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి హోస్ ఎక్కడైనా టైరుకు రాసుకుంటోందా చూడాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టాలి, మెల్లగా కిందికి జారితే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ తర్వాత ఖాళీ మైదానంలో మొదట 30, తర్వాత 50 వేగం నుంచి ఆపి చూడాలి. ఎవరైనా పక్కన నిలబడి ఏ చక్రం ముందు ఆగుతోందో గమనించాలి. వెనకది ముందు ఆగితే బండి మళ్లీ షెడ్డుకే వెళ్లాలి. పది కిలోమీటర్లు మామూలుగా తిప్పి ఆపాక, ముట్టుకోకుండా చేతిని చక్రం దగ్గర పెడితే చాలు. ఒక పక్క సెగ కొడుతూ, ఇంకో పక్క చల్లగా ఉంటే ఏదో కాలిపర్ వదలడం లేదని అర్థం.

ఇక ఘాట్ విషయానికొస్తే, డిస్కులు వేసినా గేరు సెకండ్‌లోనే ఉండాలి. ఇంజిన్ ఆన్‌లోనే ఉండాలి.